మీట నొక్కితే మాయామాళవగౌళ

పిల్లలకు సంగీతాన్ని పరిచయం చేసే సాఫ్ట్‌వేర్ మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది: వినిపిస్తుంది, చేయిస్తుంది, విని చెబుతుంది. రైమ్స్ వీడియోలు, పాటల యాప్‌లు మొదటి కోవలోవి. వాటి ముందు కూర్చున్న బిడ్డకు చూడటం తప్ప పెద్దగా పని ఉండదు. తెర మీద గడులు నింపో, బొమ్మ గీసో, చిన్న ప్రోగ్రాం రాసో పిల్లలే ఒక వరస కట్టుకునేలా చేసేవి రెండో రకం. మైక్రోఫోన్‌తో పాటను విని శ్రుతి కలిసిందో లేదో, తాళం తప్పిందో లేదో చూపించేవి మూడో రకం. ఇళ్లలో ఎక్కువగా మోగేది మొదటి రకమే. పిల్లలకు నిజంగా ఉపయోగపడేవి మాత్రం తక్కిన రెండూ.

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఈ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ ఉండటానికి ఊరు పెరిగిన తీరే ఒక కారణం. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వరకు కార్యాలయాలు, వాటి వెంటే వేల ఇళ్లు వచ్చాయి. సంగీతం నేర్పే ప్రభుత్వ కళాశాలలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 1952లో మొదలైన శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల రాంకోఠిలో ఉంది, భక్త రామదాసు కళాశాల సికింద్రాబాద్‌లో ఉంది. సాయంత్రం బడి వదిలాక నార్సింగి నుంచి రాంకోఠికి పిల్లను తీసుకెళ్లి, క్లాసు అయ్యేదాకా కూర్చుని, రాత్రి భోజనం వేళకు తిరిగి ఇల్లు చేరడం ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు అయ్యే పని కాదు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వారానికి రెండు రోజుల కీబోర్డ్ క్లాసు, మిగిలిన రోజుల్లో ట్యాబ్‌లో ఒక యాప్. చాలా ఇళ్లలో సంగీతం ఈ దారినే అడుగుపెడుతోంది.

గురువు ఎదురుగా లేకుండా పాట నేర్పే ప్రయత్నం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ ‘ఈ పాట నేర్చుకుందాం’ కార్యక్రమంలో లలిత గీతాలను పంక్తి పంక్తిగా పాడి నేర్పేవారు. రేడియో పక్కన కూర్చుని ఆ పాటలు నేర్చుకున్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అయితే ఇవతల పాడుతున్న బిడ్డ గొంతు రేడియోకు వినపడదు. ఆ లోటు తీర్చగలిగింది కంప్యూటరే. కంప్యూటర్ కన్నా ముందే మన సంగీత గదిలోకి వచ్చిన ఎలక్ట్రానిక్ పరికరం తంబురా: బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాను తయారుచేశారు. ఇప్పుడు అదే పని ఫోన్‌లోని శ్రుతి యాప్ చేస్తోంది.

గడుల్లో సరళీ స్వరాలు

చేయించే సాఫ్ట్‌వేర్‌కు పునాది పడింది అమెరికాలోని ఎంఐటీలో. సేమూర్ పాపెర్ట్ బృందం పిల్లల కోసం రూపొందించిన లోగో ప్రోగ్రామింగ్ భాషను సంగీతానికి మళ్లించినవారు జీన్ బాంబర్గర్. పిల్లలు సంగీతాన్ని విడివిడి స్వరాలుగా వినరని, చిన్న చిన్న స్వర గుచ్ఛాలుగా వింటారని ఆమె గమనించారు. అందుకే ఆమె సాఫ్ట్‌వేర్ పిల్లల చేతికి ఒక్కొక్క స్వరాన్ని కాక పాట ముక్కలను ఇస్తుంది. వాటిని పేర్చి చూసుకోమంటుంది. 1995లో స్వరకర్త మార్టన్ సుబోట్నిక్ ‘మేకింగ్ మ్యూజిక్’ అనే సీడీ తెచ్చారు. అందులో సంగీత లిపి రాకపోయినా పిల్లలు తెర మీద గీతలు గీసి వరసలు కట్టవచ్చు.

ఈ ఆలోచనకు ఇవాళ అందరికీ అందుబాటులో ఉన్న రూపం గూగుల్ 2016 మార్చిలో విడుదల చేసిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్. ఖాతా అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. ఇందులో సాంగ్ మేకర్ అనే విభాగం ఉంది. నిలువున స్వరాలు, అడ్డంగా కాలం. గడి మీద తాకితే ఆ స్వరం పలుకుతుంది. మొదట తెరిచినప్పుడు అది పాశ్చాత్య మేజర్ స్కేల్‌లో, అంటే మన శంకరాభరణం స్వరాలతో ఉంటుంది. సెట్టింగ్స్‌లో పెంటటానిక్ ఎంచుకుంటే మోహన రాగం స్వరాలు వస్తాయి. ఆ అయిదు స్వరాల్లో పిల్లలు ఎక్కడ తాకినా చెవికి ఇంపుగానే ఉంటుంది. నాలుగైదేళ్ల వాళ్లకు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

సంగీతం క్లాసుకు వెళ్లే పిల్లలకు మరింత ఆసక్తి కలిగించేది క్రొమాటిక్ అమరిక. అందులో పన్నెండు స్వరస్థానాలూ వరుసగా కనిపిస్తాయి. అడుగు నుంచి లెక్కపెట్టి 1, 2, 5, 6, 8, 9, 12, 13 వరుసల్లో గడులు నింపితే మాయామాళవగౌళ ఆరోహణ అవుతుంది. పురందరదాసు సరళీ స్వరాలకు ఎంచుకున్నట్టు సంప్రదాయం చెప్పే రాగం ఇదే, మేళకర్తల్లో పదిహేనోది. తెర మీద చూస్తే స-రి-గ-మ మెట్లు ఎలా ఉన్నాయో ప-ద-ని-స మెట్లూ అచ్చం అలాగే ఉంటాయి: ఒక చిన్న అడుగు, ఒక పెద్ద అంగ, మళ్లీ చిన్న అడుగు. కింది సగం పాడటం వస్తే పై సగం సగం వచ్చినట్టే. మొదటి పాఠానికి ఈ రాగం ఎందుకు బాగా కుదురుతుందో మాటల్లో చెబితే ఏడేళ్ల పిల్లకు ఎక్కదు. గడుల్లో క్షణంలో కనిపిస్తుంది.

తాళానికి కూడా ఈ గడులు పనికొస్తాయి. బీటును రెండుగా విడగొట్టి, గడి విడిచి గడి నింపితే ఒకటో కాలం. ప్రతి గడీ నింపితే రెండో కాలం. బార్‌కు అయిదు బీట్లు పెడితే ఖండ చాపు నడక, ఏడు పెడితే మిశ్ర చాపు నడక వినిపించవచ్చు. ‘స్టార్ట్ ఆన్’ అనే చోట ఆధార స్వరాన్ని మార్చుకోవచ్చు. మన మాటల్లో చెప్పాలంటే అది శ్రుతి మార్చడమే. కట్టిన వరసను దాచుకుంటే ఒక లింకు వస్తుంది. అమీర్‌పేటలోని అమ్మమ్మకో, డాలస్‌లోని అత్తకో ఆ లింకు పంపితే చాలు.

అలంకారాన్ని ప్రోగ్రాంగా రాస్తే

కోడింగ్ క్లాసులకు పేరు పడిన ప్రాంతంలో పిల్లలు ముందుగా చూసే ప్రోగ్రామింగ్ భాష సాధారణంగా స్క్రాచ్. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో దాన్ని విడుదల చేసింది. అందులోని పిల్లి బొమ్మతో తెర మీద నాలుగు అడుగులు వేయించడంతో చాలా క్లాసులు ఆగిపోతాయి. తెరకు ఎడమవైపు అడుగున ఉన్న మీట నొక్కితే వచ్చే సంగీతం విభాగం వైపు ఎక్కువమంది చూడరు. అది పెద్ద నష్టం, ఎందుకంటే కర్ణాటక సంగీతం తొలి పాఠాలకు, ప్రోగ్రామింగ్ తొలి పాఠాలకు ఉన్న చుట్టరికం అక్కడ బయటపడుతుంది.

స్క్రాచ్‌లో ప్రతి స్వరానికీ ఒక సంఖ్య ఉంటుంది. హార్మోనియం మీద ఒకటి శ్రుతిగా చెప్పుకునే ‘సి’ మెట్టుకు 60. అక్కడి నుంచి మాయామాళవగౌళ స్వరాలు 60, 61, 64, 65, 67, 68, 71, 72. ఈ ఎనిమిదింటినీ ఒక జాబితాగా రాసుకుని, ఒక్కొక్కటీ ఒక బీటు చొప్పున వాయించమంటే ఒకటో కాలం. అర బీటు చేస్తే రెండో కాలం, పావు బీటు చేస్తే మూడోది. ప్రతి స్వరాన్నీ ‘రెండుసార్లు చెయ్యి’ అనే లూపులో పెడితే జంట స్వరాలు.

అలంకారాల దగ్గర ఇది ఇంకా రుచిస్తుంది. చతురశ్ర జాతి ఏక తాళంలో ఆరోహణ సరిగమ, రిగమప, గమపద, మపదని, పదనిస అని సాగుతుంది. అంటే లోపలి లూపు నాలుగుసార్లు, బయటి లూపు అయిదుసార్లు తిరగాలి. అదే తిశ్ర జాతి అయితే సరిగ, రిగమ అంటూ లోపల మూడు, బయట ఆరు. ఖండ జాతి అయితే లోపల అయిదు, బయట నాలుగు. ఏ జాతి పట్టుకున్నా రెండూ కలిపితే తొమ్మిదే వస్తుంది. ఎనిమిది స్వరాల వరసలో అలా రాక తప్పదు. గురువు చెబితే కంఠస్థం చేసిన పాఠంలో ఇంత లెక్క దాగి ఉందని తనంతట తాను కనుక్కున్న పిల్లాడు ఆ అలంకారాన్ని మరిచిపోడు.

ఇంకొక్క అడుగు వేయవచ్చు. జాబితాలో 61 స్థానంలో 62, 68 స్థానంలో 69 పెడితే మాయామాళవగౌళ శంకరాభరణంగా మారిపోతుంది. ఇలా మార్చుకోగల రి-గ జతలు ఆరు, మధ్యమాలు రెండు, ద-ని జతలు ఆరు. గుణిస్తే 72 మేళకర్తలు. పన్నెండేళ్ల వాళ్లు మూడు లూపులతో ఆ 72 స్వర వరసలనూ వరుసగా వాయించే ప్రోగ్రాం రాయగలరు. వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో వేసిన పట్టిక అది.

గమకం దగ్గర ఆగిపోయే గడి

గడులూ సంఖ్యలూ స్వరాన్ని మెట్టుగా చూస్తాయి. కర్ణాటక సంగీతంలో స్వరం చాలాసార్లు మెట్టు కాదు, కదలిక. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు. రిషభం వైపు, మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు తీసేసి గడిలో నిలబెడితే అందులో తోడి ఉండదు. సరళీ స్వరాల దశలో ఈ లోటు తెలియదు. గీతాలు దాటి వర్ణాలు మొదలయ్యే నాటికి పూర్తిగా తెలిసిపోతుంది. సాంగ్ మేకర్‌లో గానీ స్క్రాచ్ సంగీతం విభాగంలో గానీ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ఏర్పాటు లేదు. శామ్ ఆరన్ రూపొందించిన సోనిక్ పై అనే సాఫ్ట్‌వేర్‌లో స్వరాన్ని జారవిడిచే సదుపాయం ఉంది గానీ దానికి కోడ్ టైపు చేయాలి. అది హైస్కూలు పిల్లలకు తగినది.

ఈ చిక్కును కాగితం మీద ఎదుర్కొన్న తొలి గొప్ప ప్రయత్నం తెలుగు లిపిలోనే జరిగింది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో స్వరాక్షరాల మీద కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు ప్రత్యేక గుర్తులు పెట్టారు. నూట ఇరవై ఏళ్ల కిందట సీసపు అచ్చులతో సాధించిన ఆ సూక్ష్మత ఇవాళ పిల్లల కోసం తయారవుతున్న సంగీత సాఫ్ట్‌వేర్లలో దాదాపు లేదు. వాటి వెనుక ఉన్నది పియానో మెట్లు, స్వరాలను సంఖ్యలుగా చూసే, 1983లో వచ్చిన మిడి ప్రమాణం. ఆ లెక్కలో సరిగమలకు చోటుంది, గమకానికి సులువైన చోటు లేదు.

క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోనే ఉన్న స్పెక్ట్రోగ్రామ్ విభాగం కొంత ఆదుకుంటుంది. మైక్ ముందు పాడితే గొంతు ఆకారం తెర మీద రంగుల గీతగా పారుతుంది. నిలకడగా పట్టిన షడ్జమం తిన్నని గీత. కంపితం అలలు అలలుగా కనిపిస్తుంది. టీచర్ పాడిన అలనూ తన అలనూ పక్కపక్కన చూసుకున్నప్పుడు, ‘ఇంకొంచెం ఊపు’ అన్న మాటకు అర్థం పిల్లలకు కళ్లెదుట దొరుకుతుంది.

వినే యంత్రం

పాడితే విని చెప్పే సాఫ్ట్‌వేర్ ముందుగా గొంతు స్థాయిని కనిపెట్టాలి. గొంతు నుంచి వచ్చే తరంగం ఎన్ని మిల్లీసెకన్లకు ఒకసారి తన ఆకారాన్ని తిరిగి చూపుతోందో కొలవడమే ఆ పద్ధతి. సెకనుకు 220 కంపనాలున్న స్వరం దాదాపు నాలుగున్నర మిల్లీసెకన్లకు ఒకసారి పునరావృతమవుతుంది. 2002లో ప్రచురితమైన యిన్ అనే గణన పద్ధతి ఈ రంగంలో ఎందరికో ఆధారమైంది. యంత్రం పొరబడే చోట్లూ ఉన్నాయి. రి, గ, మ, ని అక్షరాల్లో హల్లు దగ్గర నుంచే నాదం ఉంటుంది. స, ప అక్షరాల మొదట్లో నాదం ఉండదు గనుక అక్కడ గీత తెగుతుంది. ఒక్కోసారి మధ్య స్థాయి స్వరాన్ని మంద్ర స్థాయిగానో తార స్థాయిగానో లెక్కవేస్తుంది.

ఈ పరిశోధనకు కారిడార్‌లోనే వేర్లున్నాయి. సైబర్ టవర్స్ తెరుచుకున్న 1998లోనే గచ్చిబౌలిలో ఐఐఐటీ మొదలైంది. అక్కడ చదువుకునే రోజుల్లోనే కోడూరి గోపాలకృష్ణ రాగాలను కంప్యూటర్‌తో గుర్తించే పద్ధతుల మీద, దక్షిణాది సంగీతం కలిగించే భావాల మీద పనిచేశారు. తర్వాత బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో చేరారు. హిందుస్తానీ, కర్ణాటక, టర్కీ, అరబ్-అందలూసియా, బీజింగ్ ఒపెరా సంప్రదాయాలను వాటి వాటి లక్షణాలతోనే కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేయడం 2011లో మొదలైన ఆ ప్రాజెక్టు లక్ష్యం. గాయకులు ఒక స్వరాన్ని ఒక రాగంలో అసలు ఎక్కడెక్కడ పలుకుతున్నారో రికార్డింగుల నుంచి కొలవడం గోపాలకృష్ణ పరిశోధనాంశం. ఆ బృందంలోని పరిశోధకులు బెంగళూరులో నెలకొల్పిన మ్యూజిక్‌ముని సంస్థ నుంచి రియాజ్ యాప్ వచ్చింది. అందులో గురువు పాడిన గీత తెర మీద సాగుతుంటే పాడేవాళ్ల గొంతు గీత దాని మీదే పడుతుంది. విడి స్వరానికి ఒప్పు-తప్పు అని ముద్ర వేయకుండా కదలికను కదలికతో పోల్చడం వల్ల గమకానికి ఇందులో చోటు దొరికింది.

పాశ్చాత్య కీబోర్డ్ నేర్పే సింప్లీ పియానో, ఫిన్లాండ్ నుంచి వచ్చిన యూసిషియన్ వంటి యాప్‌లు కూడా ఇలాగే వింటాయి. వాటిలో మార్కులు, నక్షత్రాలు ఎక్కువ. వాయించడానికి కూర్చోబెట్టే శక్తి వాటికుంది, కాదనలేం. కానీ నక్షత్రం కోసం వాయించే అలవాటు పడ్డాక, నక్షత్రం లేని చోట చెవి పనిచేయడం మానేస్తుంది. తప్పు వాయించినప్పుడు తెర ఎర్రబడకముందే పిల్లలు ముఖం చిట్లిస్తున్నారా లేదా అన్నదే గమనించాల్సిన సంగతి.

వీడియో కాల్‌లో దూరం నుంచి గురువు దగ్గర నేర్చుకునేటప్పుడు ఆటంకాలు పాట వల్ల కాదు, పరికరాల వల్ల వస్తాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో ధ్వని సెకనులో పదో వంతో, అంతకన్నా ఎక్కువో ఆలస్యంగా చేరుతుంది. తాళం వేస్తున్న చేతికి అది పెద్ద తేడా. వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో ఆ బాధ తగ్గుతుంది. వీడియో కాల్ యాప్‌లు ఆగకుండా మోగే తంబురాను ఫ్యాన్ చప్పుడులాంటి రొదగా భావించి నొక్కేస్తాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ ఎంచుకుంటే శ్రుతి నిలుస్తుంది. ఇద్దరూ ఒకేసారి పాడటం ఎలాగూ కుదరదు కాబట్టి గురువు పాడాక శిష్యులు పాడే పాత పద్ధతే తెర మీదా నిలిచింది. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడి పిల్లలకు తెలిసిన ఈ అవస్థలు అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అంతకుముందే అలవాటు.

ఇంట్లో, బడిలో

రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, అయిదేళ్లలోపు వాళ్లకు రోజుకు గంట దాటకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో లాలిపాట, చప్పట్లు, గిన్నె మీద గరిటె దరువు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా మేలు. అయిదు దాటాక సాంగ్ మేకర్, ఎనిమిది దాటాక స్క్రాచ్, పాట పాఠాలు మొదలయ్యాక శ్రుతి చూపే యాప్. ఈ వరసలో పోతే తొందరపాటు ఉండదు. ఏది వాడినా ముందు బిడ్డ గొంతుకు సరిపడే శ్రుతి పెట్టాలి. యాప్ ఎంచి ఇచ్చిన శ్రుతిలో అరిచి పాడితే గొంతు పాడవుతుంది.

ప్రభుత్వ బడుల సంగతి వేరు. కంప్యూటర్లున్న చోట ఇంటర్నెట్ నమ్మకంగా ఉండకపోవచ్చు. స్క్రాచ్‌ను ఇంటర్నెట్ లేకుండా వాడుకునే రూపంలో ఉచితంగా దింపుకోవచ్చు. 2000లో మొదలైన జీకాంప్రిస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో పియానో, లయ, స్వరాలను గుర్తుపట్టే ఆటలున్నాయి; అదీ ఉచితమే. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడో తరగతికి ‘బాంసురీ’, ఆరో తరగతికి ‘కృతి’ అనే కళల పుస్తకాలు తెచ్చింది. పుస్తకంలో సంగీతం పాఠం ఉండి, బడిలో సంగీతం టీచర్ లేని చోట ఇలాంటి సాఫ్ట్‌వేర్ విలువ మాదాపూర్ ఇళ్లలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అక్కడ అడ్డొచ్చేది భాష. తెర మీద సి, డి, ఇ అని ఉంటుంది. పిల్లలకు కావలసింది స, రి, గ. శ్రుతి మార్చుకునే వీలు, ఏడు తాళాలు, జాతులు, జారు, కంపితం చూపే గీత, తెలుగు లిపిలో స్వరాలు, పాత ఫోన్‌లో కూడా నడిచే తేలికైన ప్రోగ్రాం. ఇవన్నీ ఒకేచోట ఉన్న ఉచిత సాధనం పిల్లలకు కావాలి. శ్రుతి కనిపెట్టే పద్ధతులు బహిరంగంగానే ఉన్నాయి. బ్రౌజర్‌లో ధ్వని పుట్టించే సౌకర్యం ఉంది. గమకాల గుర్తులు 1904 నుంచి తెలుగు పుస్తకంలో సిద్ధంగా ఉన్నాయి. పగలు కోడ్ రాసి, వారాంతాల్లో కీర్తనలు పాడుకునే ఇంజినీర్లు ఈ కారిడార్‌లో ఉన్నారు. ఈ పని వాళ్లే తలకెత్తుకోవాలి. ఆ బృందంలో పిల్లలకు పాఠం చెప్పే సంగీతం టీచర్ ఒకరు మొదటి రోజు నుంచీ ఉండాలి.